కదలని సైకిలుకు టైరు

ఒంగోలులో ఆడపిల్లల కోసం కొత్తగా ఒక సైకిల్ శిక్షణ గది తెరుస్తున్నారట. అక్కడ సైకిళ్ళు, టైర్లు చూసుకునే పనికి ఒక అమ్మాయిని తీసుకున్నారు. ఆమె ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "అక్కా, స్టాండు మీద బిగించి తొక్కే సైకిలుకు ఏ టైరు వెయ్యాలి?" అని అడిగింది. నేను ఫోనులో సరిగా మాట్లాడలేను. రాసి పంపుతానన్నాను. రాయడం మొదలుపెట్టాక, అది ఒక పేజీలో అయ్యే జవాబు కాదని అర్థమైంది.

నేను ఆ పని మానేసి ఏడాది దాటింది. మానేశాననడం కన్నా, పనే లేకుండా పోయిందనడం సరైన మాట. నా ఈడు వాళ్ళు ఇంకా ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. నేను రిటైరయ్యానంటే మా ఇంట్లోనే నవ్వుతారు. కాని అలాంటి గది మా చుట్టుపక్కల మరొకటి ఉండేది కాదు. అది మూతపడ్డాక, నేను నేర్చుకున్నదంతా అడిగేవాళ్ళు లేక నాలోనే ఉండిపోయింది. రిటైరవడం అంటే అదేనని నాకు అనిపిస్తుంది.

గోడౌను

మాది పర్చూరు. బస్టాండు దగ్గర మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. చిన్నప్పటి నుంచీ బడి అయ్యాక అక్కడే కూర్చుని పంక్చర్లు వేసేదాన్ని. వచ్చినవాళ్ళు నాన్నతో మాట్లాడేవాళ్ళు, నేను తల వంచుకుని ట్యూబు గీకుతూ ఉండేదాన్ని. మనుషులతో మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు నచ్చింది. పని లేనప్పుడు లైబ్రరీ పుస్తకం టైరు లోపల దాచుకుని చదువుకునేదాన్ని.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన వెంకట్రావు సార్ ఊళ్ళో ఆడపిల్లలకు సైకిల్ పందేలు నేర్పేవారు. తెల్లవారుజామున చీరాల రోడ్డు మీద తొక్కించేవారు. కాని మిరపకాయలు, పత్తి దిగే కాలం వస్తే ఆ రోడ్డు మీద సైకిలుకు చోటుండదు. లారీలకు రెండు పక్కలా బోరేలు, అంటే పెద్ద గోనె బస్తాలు, పొట్టలా ఉబ్బి బయటికి వేలాడుతుంటాయి. ఒకసారి ఒక పిల్లకు లారీ బోరె తగిలి భుజం ఎముక విరిగింది. ఆ మర్నాటి నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని పంపడం మానేశారు.

అప్పుడు సార్ ఊరి చివర మూతబడ్డ పొగాకు గోడౌను ఒకటి అడిగి తీసుకున్నారు. పిల్లల్ని లోపలే తొక్కిస్తానన్నారు. ఉత్తరాదిన ఏదో క్యాంపులో అలాంటి స్టాండు చూసి వచ్చారట. కాగితం మీద బొమ్మ గీసి ఇస్తే, లేత్ షాపు కోటయ్య గారు వాటిని తయారు చేశారు.

ఆ స్టాండు ఎలా పని చేస్తుందో చెబుతాను. సైకిలు వెనక చక్రాన్ని నేలకు ఆనకుండా ఇనప చట్రంలో బిగిస్తాం. చక్రం వెనక ఒక ఉక్కు రోలరు ఉంటుంది. స్క్రూ లాంటి మర తిప్పి ఆ రోలరును టైరుకు ఒత్తుతాం. పిల్ల తొక్కితే టైరు రోలరును తిప్పుతుంది. రోలరుకు బరువు తగిలించి ఉంటుంది కాబట్టి కాళ్ళకు భారం తెలుస్తుంది. కోటయ్య గారు ప్రతి రోలరుకూ పాత మోపెడ్ మీటరు ఒకటి బిగించారు. పిల్ల ఎంత బలంగా తొక్కితే ముల్లు అంత పైకి లేస్తుంది. అయితే ఆ ముల్లు చెప్పేది రోలరు సంగతి, పిల్ల సంగతి కాదు. పిల్ల కాళ్ళకూ రోలరుకూ మధ్య ఉండేది టైరు ఒక్కటే. ఈ పనిలో ముందు తెలుసుకోవలసింది ఇదే.

సార్ నాన్నను అడిగి నన్ను ఆ గదికి తీసుకెళ్ళారు. "ఆడపిల్లల గది గదా, చూసుకునేది కూడా ఆడపిల్లే ఉంటే తల్లిదండ్రులకు ధైర్యంగా ఉంటది" అన్నారు. నాకు అక్కడ మాట్లాడే పని ఉండదని మాటిచ్చారు.

గుబ్బల టైర్లు

మొదట్లో మా సైకిళ్ళలో సగం మామూలువే, హ్యాండిల్ మార్చినవి. వాటికి టైర్లు తేవడానికి సార్ స్వయంగా గుంటూరు వెళ్ళారు. సాయంత్రానికి ఆటోలో తెచ్చి దించారు. ఒక్కో టైరు మీద వేలెడంత గుబ్బలు ఉన్నాయి.

"సార్, ఇవి బాగా లావుగా ఉన్నాయండీ" అన్నాను.

"లావుంటేనే గదమ్మా పట్టు! ట్రాక్టరు టైరు చూళ్ళా? గుబ్బలు లేకపోతే దమ్ములో ఒక్క అడుగు కదులుద్దా?"

"అది బురద కదండీ."

"బురదలోనే పట్టింది ఇనుం మీద పట్టదా? బిగించు, బిగించు."

మా ప్రాంతంలో ఎవరిని అడిగినా టైరు గురించి అదే చెబుతారు. అందరూ పొలం గట్టున నిలబడి టైర్లు చూసినవాళ్ళే. బురద మెత్తన, గుబ్బ అందులో దిగబడి పట్టుకుంటుంది. ఉక్కు రోలరులో దిగబడడానికి ఏముంది? గుబ్బ కొస మాత్రమే తగులుతుంది, మిగతా టైరంతా గాలిలో ఉంటుంది.

బిగించాం. ఆరుగురు పిల్లలు ఒక్కసారి తొక్కడం మొదలుపెట్టేసరికి గోడౌను రేకులు అదిరాయి. పక్క గోడౌనులో మిరపకాయల బోరేలు మోసే హమాలీ ఒకాయన పరిగెత్తుకొచ్చి తలుపులోంచి తల పెట్టాడు.

"ఏంది సారూ, లోపల పిండి మర పెట్టావా?"

పై ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు సార్ ఇంటి వసారాలోనే ఉండేవాళ్ళు. వాళ్ళలో కనిగిరి నుంచి వచ్చిన నాగమణి అనే పిల్ల ఉండేది. బక్కపల్చగా, నోరు మాత్రం పెద్దది. తొక్కుతూనే అరిచింది: "సార్, నా పళ్ళు ఊడి పడతన్నయ్. ఏరుకోడానికి కింద గిన్నె పెట్టించండి!"

సార్ నవ్వారు కాని ఆపమనలేదు. వారం తిరిగేసరికి గుబ్బలు తునకలై రోలరు కింద కుప్పపడ్డాయి. పిల్లల అరచేతులు తిమ్మిర్లెక్కాయి. ఒక టైరు మొదలంటా చిరిగింది. అప్పుడు సార్ నా వంక చూసి, "ఏం టైరు కావాలో నువ్వే చెప్పు" అన్నారు. ఆయనలో నాకు నచ్చిన గుణం అదే. తప్పు కళ్ళ ముందు పగిలి కింద పడితే ఒప్పుకునేవారు. పడేదాకా మాత్రం ఒప్పుకునేవారు కాదు.

నున్నది, సన్నది, గట్టిది

స్టాండుకు నున్నని టైరు కావాలి. గీతలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. సన్నగా ఉండాలి, నిండుగా గాలి పట్టాలి. రోజూ తొక్కే ముందు గాలి చూడాలి. గాలి తగ్గిన టైరు రోలరు దగ్గర లోపలికి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. ఆ వేడికి రబ్బరు కరిగినట్టయి, రబ్బరుతో చెరిపినప్పుడు కాగితం మీద రాలే పొట్టు లాంటిది కింద రాలుతుంది. మెత్తని నల్లని దుమ్ము రాలితే ఫరవాలేదు. పొట్టు రాలితే మాత్రం ఆపి చూడు. గాలైనా తగ్గి ఉంటుంది, రోలరైనా వదులై టైరు జారుతూ ఉంటుంది.

పాత టైరుతో సరిపెట్టమని నీకు తప్పకుండా చెబుతారు. అరిగి నున్నబడిన టైరు పనికొస్తుంది. పక్కలు పగుళ్ళు బారినది మాత్రం వద్దు. రోడ్డు మీద గాలి తగిలి టైరు చల్లబడుతుంది, గదిలో చల్లబడదు. మా గదిలో పగుళ్ళ టైరు ఒకటి పేలితే తొక్కుతున్న పిల్ల దిగి ఏడ్చింది. ఆ రోజంతా ఇంక ఎవరూ గట్టిగా తొక్కలేదు.

స్టాండు కోసమే చేసిన గట్టి రబ్బరు టైర్లు ఉంటాయని తర్వాత తెలిసింది. మద్రాసు నుంచి పార్సిల్లో తెప్పించాం. అవి త్వరగా అరగవు, వేడికి తట్టుకుంటాయి. కాని రోడ్డుకు పనికిరావు. ఆ రబ్బరు తారును పట్టుకోదు. సార్‌కు ఈ మాట చెప్పాను. ఆయన వాన వెలిసిన పూట అదే చక్రంతో బజారుకు వెళ్ళి, మలుపులో పడి మోకాలు చిట్లించుకుని వచ్చారు. కట్టు కడుతుంటే, "నువ్వు చెప్పింది గుర్తుంది గాని, టైరుకు గుర్తుంటదో లేదో చూద్దామని" అన్నారు.

మీ గది ఎక్కడ ఉందో చూసుకో. మా గోడకు అవతల మిరపకాయలు నిలవ చేసేవారు. బోరేలు దించిన రోజున ఘాటు పైకప్పు సందులోంచి వచ్చేది. ఆయాసపడుతూ తొక్కే పిల్లలకు అది గొంతులో నిప్పులా ఉండేది. రోడ్డు మీద నుంచి పత్తి పింజలు ఎగిరొచ్చి వేడి టైరుకు అంటుకునేవి. రోజూ పొద్దున స్పిరిట్ ముంచిన గుడ్డతో ప్రతి టైరూ, ప్రతి రోలరూ తుడిచేదాన్ని. కారం అంటిన ఆ గుడ్డ ముట్టుకున్న చేత్తో పొరపాటున కళ్ళు నలుపుకుంటే ఆ పూటంతా ఏడుపే. నేను ఏడుస్తున్నానని పిల్లలు అనుకునేవాళ్ళు. కొన్నిసార్లు అది నిజం కూడా.

తొక్కడం అయ్యాక రోలరు మర వదులు చెయ్యాలి. వేడి టైరును రోలరు అలాగే నొక్కి ఉంచితే ఆ చోట పల్లం పడుతుంది. మర్నాడు తొక్కితే చక్రం టకటక కొట్టుకుంటుంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు మరిచిపోతారు. ఆకలి మీద ఉంటారు, దిగగానే పరిగెత్తుతారు. అందరూ వెళ్ళాక నేనే తిరిగి ఒక్కొక్క మరా వదులు చేసేదాన్ని. ఒక్క స్టాండు దగ్గర మాత్రం ఆ పని ఉండేది కాదు.

మస్తాన్‌బీ

మస్తాన్‌బీది పిడుగురాళ్ల. వాళ్ళ నాన్న సున్నపు బట్టీల్లో రాళ్ళు మోస్తాడు. ఆమె కూడా సెలవుల్లో మోసేది. ఎవరో చెప్పగా విని సార్ వెళ్ళి, వాళ్ళ నాన్నను ఒప్పించి తీసుకొచ్చారు. వచ్చిన రోజున ఆమె గోళ్ళలో సున్నం ఉంది. భుజాలు, తొడలు బలంగా ఉండేవి. ఆ గదిలో నాకంటే తక్కువ మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

రోలరు సంగతి ఆమెకు ఒక్కసారే చెప్పాను. అప్పటి నుంచి దిగగానే మర వదులు చేసి, గుడ్డతో టైరు తుడిచి, ఆ గుడ్డ మడిచి హ్యాండిల్ మీద పెట్టి వెళ్ళేది. నాగమణి వెక్కిరించేది.

"ఏమే, అది సైకిలా, నీ మొగుడా? ఒళ్ళు తుడిచి పడుకోబెడతన్నావు!"

"నీ సైకిలుకు చలి జొరం వస్తే అప్పుడు చెప్తాలే" అనేది మస్తాన్‌బీ, తలెత్తకుండా.

ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. నాగమణి తేలిక మనిషి కనుక ఎక్కువసేపు తొక్కగలదు. మస్తాన్‌బీ చివరి నిమిషంలో లేచి నిలబడి తొక్కితే ముల్లు గదిలో మరెవరూ చూడని చోటికి వెళ్ళేది.

ఆ ఏడు దసరా మర్నాడు మా గదికి ఎంపిక కోసం హైదరాబాదు నుంచి ఒక మేడమ్ వస్తున్నారని ముందే తెలిసింది. బాగా తొక్కినవాళ్ళను పెద్ద హాస్టల్లో చేర్చుకుంటారు. తిండి, చదువు, సైకిలు అన్నీ వాళ్ళవే. మస్తాన్‌బీ టైరు తుడుస్తూ నాతో మెల్లగా చెప్పింది.

"ఈసారి రాకపోతే నాన్న వచ్చెయ్యమన్నాడక్కా. వచ్చే ఏడు వయసు దాటిపోద్దంట. ఊరికే కూర్చోలేను గదా, బట్టీలోకే."

"వస్తుంది" అన్నాను. ముల్లు ఎక్కడిదాకా వెళ్తుందో రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి అన్నాను. ఊరడించడానికి కాదు.

కొబ్బరినూనె

మా వైపు దసరాకు బండ్లన్నీ కడిగి పూజ చేస్తారు. లారీ అయినా ట్రాక్టరైనా సైకిలైనా టైర్లకు కొబ్బరినూనె పూసి నల్లగా మెరిపించి, పసుపు కుంకుమలు పెడతారు. మా గదిలోనూ చేసేవాళ్ళం. మస్తాన్‌బీ కూడా అందరితో కూర్చుని తన టైరుకు నూనె రాసేది. పూజ అయ్యాక, తిరిగి తొక్కే లోపు నేను సబ్బు నీళ్ళతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఎండలో పెట్టేదాన్ని. ఆ సంవత్సరం కూడా పూజనాటి సాయంత్రమే అన్నీ కడిగి తుడిచి వెళ్ళాను.

మర్నాడు పొద్దున గది తలుపు తీసి ఉంది. లోపల అడుగు పెట్టగానే కొబ్బరినూనె వాసన. సార్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతిలో సీసా, గుడ్డ పట్టుకుని చివరి చక్రానికి రాస్తున్నారు.

"సార్, మళ్ళీ నూనె పెట్టారా?"

"చూడు ఎట్లా మెరుస్తన్నయ్యో! పెళ్ళికూతురు ఎక్కే కారు టైర్లలాగా లేవూ? వచ్చేది పెద్దోళ్ళమ్మా. గోడౌనా అని ముక్కు మూసుకోకూడదు."

"జారతాయండీ, సార్."

"పక్కలకే పూశా. తొక్కే చోట తగల్లేదు."

తగిలింది. నూనె ఒకచోట నిలబడేది కాదు. నేను స్పిరిట్ సీసా తీసుకుని కూర్చుని తుడవడం మొదలుపెట్టాను. పైన తుడిచినా రబ్బరు అప్పటికే తాగేసింది. వేడెక్కితే చెమట పట్టినట్టు మళ్ళీ పైకి వస్తుంది. టైర్లు మార్చాలి. గదిలో వేరేవి లేవు. షాపులో ఉన్నాయి కాని నాన్న తాళం వేసుకుని పండక్కి మా మేనత్త ఊరు వెళ్ళారు. ఇంతలో బయట జీపు ఆగింది.

మేడమ్ మంచి మనిషి. గది చూసి ముక్కు మూసుకోలేదు. పిల్లలందరి పేర్లూ అడిగి తెలుసుకున్నారు. ఒక్కొక్కరినీ మొదట నెమ్మదిగా, చివర్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కమన్నారు. చివర్లో ముల్లు నిలిచిన చోటు రాసుకున్నారు. తేలికగా ఉన్న పిల్లలకు ఏమీ కాలేదు. నాగమణి ముల్లు ఎప్పటికన్నా కొంచెం తక్కువే చూపించింది కాని అందరికన్నా పైనే ఉంది. దిగుతూ మస్తాన్‌బీ చెవిలో, "ఇక నీదే. నన్ను దాటి పో, ఏమీ అనుకోనులే" అంది.

మస్తాన్‌బీ ఎక్కింది. మొదట అంతా బాగుంది. ముల్లు నాగమణి చోటు దాటింది. చివరికి మేడమ్ "ఊఁ" అనగానే ఆమె లేచి నిలబడి, బలమంతా కాళ్ళలోకి దించింది. కీచుమని శబ్దం వచ్చింది. కొబ్బరినూనె మాడిన వాసన గదంతా పాకింది. ఆమె కాళ్ళు గిరగిర తిరుగుతున్నాయి, ముల్లు మాత్రం కిందికి దిగిపోతోంది.

"తొక్కవే! ఎందుకాపావు? తొక్కు!" అని సార్ అరిచారు.

ఆమె ఆపలేదు. ఆమె ఎంత గట్టిగా తొక్కితే టైరు అంతగా జారింది. బలం లేని పిల్లయితే జారి ఉండేది కాదు.

"మేడమ్, టైరు జారుతోందండీ" అన్నాను. ఆమె వినలేదనుకుని మళ్ళీ గట్టిగా అన్నాను. "టైరు జారుతోందండీ, టైరు మీద నూనె ఉంది. పిల్ల తొక్కుతూనే ఉంది, రోలరే తిరగట్లేదు." ఆ గదిలో నా గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు. హమాలీ మళ్ళీ తలుపులోంచి తొంగి చూశాడు.

మేడమ్ కలం ఆపి సార్ వైపు తిరిగారు.

"ఏం సార్? సామానులో తేడా ఉందా? ఉంటే చెప్పండి. అలాగైతే ఇవ్వాళ ఇక్కడ రాసినవన్నీ కొట్టేస్తాను. మళ్ళీ రావడం నాకు కుదరదు, వచ్చే ఏడే."

సార్ నా వైపు చూశారు. తర్వాత నాగమణి వైపు చూశారు. ఆ పిల్ల వేళ్ళు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది. తర్వాత మెరుస్తున్న చక్రాల వరస వైపు చూశారు.

"తేడా ఏం లేదండీ" అన్నారు. "పిల్ల అలిసిపోయింది."

మేడమ్ మస్తాన్‌బీనే అడిగారు. "నీకేమనిపించిందమ్మా?"

"ఏమోనండీ" అంది ఆమె, చెమట తుడుచుకుంటూ. "కాళ్ళలో ఏం లేనట్టయింది."

మేడమ్ రాసుకున్నారు. నాగమణి పేరు పిలిచారు. మస్తాన్‌బీ సైకిలు దిగి, మర వదులు చేసి, టైరు తుడిచి, గుడ్డ మడిచి పెట్టింది.

జీపు వెళ్ళాక సార్‌ను అడిగాను. నేను ఆయన్ను నిలదీయడం అదొక్కసారే.

"నేనేం చెయ్యనమ్మా?" అన్నారు. "ఉన్నది చెప్తే నాగమణి కూడా పోయేది. చెడ్డపేరొచ్చి గది కూడా పోయేది. ఒక్కదాని కోసం..." ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ఆ తర్వాత చాలా కాలం ఆయన దగ్గరే పనిచేశాను. ఆయన చెడ్డవారు కాదు. ఆయన అలా అన్నది కొంత నాగమణి కోసం, కొంత గది కోసం, కొంత నూనె సీసా తన చేతిలో ఉన్నందుకు. ఏది ఎంతో నాకు తెలియదు. ఆయనకు తెలుసని కూడా అనుకోను. కాని ఒకటి చెప్పగలను. గుబ్బల టైర్లు చిరిగి కింద పడ్డాయి కాబట్టి ఆ తప్పు ఒప్పుకున్నారు. ఇక్కడ కింద పడి కనిపించినదేమీ లేదు. ఒక పిల్ల తన కాళ్ళలో బలం లేదని నమ్మింది, అంతే.

ఆ గది తర్వాత కొన్నేళ్ళు నడిచింది. చివరికి గోడౌను ఆసామి మిరపకాయలకు కావాలని వెనక్కి తీసుకున్నాడు. స్టాండ్లు పాత ఇనపసామాను వాళ్ళకు పోయాయి. గదిని కాపాడుకోవడానికి సార్ ఆ రోజు మస్తాన్‌బీని వదులుకున్నారు, చివరికి గది కూడా దక్కలేదు. నాగమణి హాస్టల్లో రెండేళ్ళు ఉండి, మోకాలు నొప్పి వచ్చి తిరిగి వచ్చేసింది. ఇది ఎవరి తప్పూ కాదు. మన పనిలో ఇలాగే జరుగుతుందని తెలిసి రావడం మంచిది కాబట్టి రాస్తున్నాను.

అడిగినదానికి జవాబు

నువ్వు అడిగింది ఏ టైరు వెయ్యాలని. నున్నది, సన్నది, దొరికితే స్టాండు కోసమే చేసిన గట్టి రబ్బరుది. పక్కలు పగలనిది. గాలి నిండుగా పట్టించు. తొక్కే ముందు చేత్తో రోలరు పట్టుకుని చక్రం తిప్పి చూడు, జారితే మర బిగించు. స్పిరిట్ తప్ప మరేదీ దాని మీద పడనివ్వకు. ఎవరైనా వచ్చే రోజున అందరికన్నా ముందు నువ్వు గదికి వెళ్ళు. తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. వేరే టైర్లు గదిలోనే ఉంచుకో, షాపులో కాదు.

ఇంకొకటి కూడా నన్ను అడుగుతావేమో, ముందే చెబుతాను. టైరు జారి ముల్లు తప్పు చెప్పిందని ఆ పిల్లకు తర్వాత చెప్పాలా వద్దా అని. నేను చెప్పాను. అది మంచి చేసిందో లేదో నాకు ఈనాటికీ తేలలేదు.

ఎంపిక అయిన మర్నాడు మస్తాన్‌బీ సంచి సర్దుకుంది. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతానంది. నాన్న పొద్దున్నే వచ్చి షాపు తీశారు. నేను అక్కడి నుంచి అరిగిన నున్నని టైరు ఒకటి తెచ్చి ఆమె సైకిలుకు ఎక్కించాను. రోలరును కూడా స్పిరిట్‌తో కడిగాను. గదిలో ఇంకెవరూ లేరు.

"ఒక్కసారి ఎక్కు" అన్నాను.

"వద్దక్కా. నన్ను వెనకేసుకొద్దామని మీరు టైరన్నారు గాని, నా కాళ్ళు ఇంతేనని తెలిసిపోయింది గదా."

"నా కోసం ఎక్కు."

చుడీదారు మీదే ఎక్కింది. నెమ్మదిగా మొదలుపెట్టింది. కాసేపటికి ముఖం మారింది. లేచి నిలబడింది. ముల్లు నాగమణి చోటు దాటింది, ముందు రోజు కిందికి జారిన చోటు దాటింది, అంతకు ముందు నేను ఎప్పుడూ చూడని చోటికి వెళ్ళి అక్కడ నిలబడింది. ఆమె దాన్ని చూస్తూనే తొక్కింది. చాలాసేపు తొక్కింది. ఆపాక, హ్యాండిల్ మీద తల ఆనించి ఊపిరి తీసుకుంది.

"మరి నిన్న?" అంది.

"నిన్న నిజంగానే టైరు జారింది. సార్ దానికి నూనె రాశారు."

"సార్‌కి తెలుసా, జారిందని?"

"తెలుసు."

ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. సైకిలు దిగింది. సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది. వంగి రోలరు మర తిప్పి వదులు చేసింది. గుడ్డతో టైరు చుట్టూ తుడిచి, మడిచి హ్యాండిల్ మీద పెట్టింది.

"వేడిగా ఉందక్కా, కాసేపు తాకమాకండి" అని చెప్పి బస్సుకు వెళ్ళిపోయింది.